పార్కులో బుడ్డోడి తాతగారు

అమ్మడూ,

పోయిన నెల పదో తారీఖున మనిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆమ్లెట్, రొట్టె తిన్నాం. ఆ తరవాత నీకూ నాకూ మధ్య చీటీలే.

కుక్కలు పార్కును పాడుచేస్తున్నాయని, ఇకమీదట వాటిని లోపలికే రానివ్వం అంటున్నారు మున్సిపాలిటీవాళ్లు. ఇవాళ పొద్దున్నే వాళ్ల ఆఫీసులో కుక్కలున్నవాళ్ల మాట కూడా వింటారట. అందుకే వెళ్తున్నాను. లేవగానే మన కుక్క బుడ్డోణ్ణి నువ్వు తిప్పుకురా. వాడి పెంటకు సంచులు మీ అమ్మ కుట్టుమిషను సొరుగులో ఉన్నాయి. వాడిదే కాదు, ఏ కుక్కది కనబడినా ఎత్తి చెత్తడబ్బాలో వెయ్యి. నేను రోజూ చేసేది అదే. ముక్కు మూసుకుని నన్ను తిట్టుకో, ఫరవాలేదు.

మీ అమ్మ పోయాక నన్ను ఎవరైనా పలకరించేది అక్కడే. "ఏం బుడ్డోడి తాతగారూ, ఇవాళ ఆలస్యమైందే!" అంటుంది పార్కు ఊడ్చే ఆవిడ. గేటు మూసేస్తే ఆ ఒక్క మాటా ఉండదు.

కింద కాస్త చోటు మిగిలిందని రాస్తున్నాను. నాకు నిద్ర చెడుతుందని, అర్ధరాత్రి డ్యూటీ నుంచి వచ్చి చప్పుడు కాకుండా తలుపు వేస్తావు. నేను మేలుకునే ఉంటానమ్మా. ఇవాళా మెల్లగానే వేసుకో. వేశాక ఒక్కసారి "నాన్నా" అని పిలువు.