గన్నేరు పూల కేకు

శనివారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. పొద్దున్న సత్యవతి గారు మనవరాలి పుట్టినరోజుకి నేను చేసిన కేకు తీసుకెళ్లడానికి నిడదవోలు నుంచి వస్తూ దోసెడు గన్నేరు పూలు తెచ్చారు. "మా పెరట్లోవేనండి, మందు కూడా కొట్టలేదు. పైన పెట్టండి" అన్నారు. మందు కొట్టకపోతే మాత్రం ఏం, గన్నేరుకి ఆకు నుంచి పువ్వు దాకా ఒళ్లంతా విషమే. ఆ మాటే చెప్పాల్సింది. పుట్టినరోజు పూట విషం అనడానికి నోరు రాలేదు. "కేకు మీదకి అవి బాగుండవండి" అన్నాను. నా కుండీలోని నాటు గులాబీలే కాడలు క్రీముకి తగలకుండా స్ట్రాల్లో దూర్చి పెట్టి, ఆవిడ పూలు కవర్లో వేసి తిరిగిచ్చేశాను.

సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో పంపారు. నా గులాబీల మధ్య ఆ గన్నేరు పూలు, కాడలు నేరుగా క్రీములోకి గుచ్చి ఉన్నాయి.

వెంటనే ఫోన్ చేశాను. "అవి విషమండీ, పాపకి పెట్టకండి!" అని అరిచాను. ఆవిడ మెల్లగా, "ఇంకా ఎవరూ తినలేదులెండి, పారేస్తాం" అన్నారు. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు.

అప్పటి నుంచి ఆ ఫొటోనే చూస్తున్నాను. కేకు ఒక మూల కోసి ఉంది. సత్యవతి గారు కూడా నాలాగే, పుట్టినరోజు పూట చెడ్డ మాట అనే మనిషి కాదు.