పూసల నుంచి దిగిన పొడి

అక్కా,

కులాసాగా ఉన్నాను. ఉద్యోగం ఖాయమైంది! మందు కోసం, అణువులో నత్రజని కలిసిన వలయమున్న పదార్థం ఒకటి చేసి చూపిస్తేనే ఉంచుకుంటామన్నారు కదా. దాన్ని ఆవగింజ కన్నా చిన్న పూసలకు అంటించి మెట్టుమెట్టుగా పెంచుతాం. ప్రతి మెట్టులోనూ పూసలు కడిగి ఆ ద్రవం పారబోయాలి. ఆఖరున మాత్రం పదార్థం పూసల్ని వదిలి ద్రవంలోకి దిగుతుంది. నిన్న అలవాటు కొద్దీ దాన్నే వంపబోయాను. "మూడు వారాల కష్టాన్ని చెత్త డబ్బాలో పోస్తావా, పిచ్చి తల్లీ!" అని మా ప్రయోగశాల పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆరబెడితే చిటికెడు తెల్ల పొడి మిగిలింది. పరీక్షలో కల్తీ లేదని తేలింది!

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఈ పొడి పంపమంటే, అది ఇంకా ఎలుకల మీద పరీక్ష దాకా కూడా వెళ్లలేదని చెప్పు. నా ఊలు చొక్కా పంపించు. బావగారికి నమస్కారాలు. నాన్నకు కార్డు చదివేటప్పుడు వంపబోయిన సంగతి దాటెయ్యి. ఖాయమైందన్న మాట రెండుసార్లు చదువు.

నీ చెల్లి