మూడో చెంబు

తొర్రూరు,
ఆదివారం.

చిరంజీవి వనజకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, నాయిన, నానమ్మ క్షేమం. స్టేషన్ ఘన్‌పూర్‌లో నువ్వు వేళకు తింటూ, తలకు నూనె పెట్టుకుంటూ బాగున్నావనే అనుకుంటున్నాను. హాస్టల్ ఫోన్ దగ్గర నీ వెనక ఇరవైమంది ఆడపిల్లలు వరుసలో నిలబడి ఉంటారు. ఐదు నిమిషాల్లో చెప్పే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

కొత్తిల్లు ఎలా ఉందని అడిగావు. దిగి నెలైనా సామాను సర్దడం అయిపోలేదు. రెండు గదులు, వంటిల్లు, లోపలే నల్లా. ఇరవై ఏళ్లు అందరి గోడలూ కట్టిన మీ నాయిన తన గోడకు తానే సున్నం వేసుకుని, రోజుకు పదిసార్లు నిమిరి చూసుకుంటున్నాడు. మరిపెడలో కిరాయి ఇంట్లో ఒక్క మేకు కొట్టాలన్నా ఇంటామెను అడగాల్సి వచ్చేది కదా, ఇక్కడ నాకు కోపమొచ్చినప్పుడల్లా ఒక మేకు కొడుతున్నాను. నానమ్మకు మాత్రం నున్నటి బండలు నచ్చలేదు. "గివి బండలా, బురదనా? కాలు పెడితె జారుతంది" అని గోడ పట్టుకుని నడుస్తూ తిడుతుంది. నీ పుస్తకాలకు వంటింటి పక్కన గూడు కట్టించాను.

నాయిన కాలు గురించి అడిగావు. స్లాబు వేసేటప్పుడు పరంజా మీద నుంచి పడి విరిగిన కాలే, ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. పోయిన వారం నాయిన తెచ్చిన ఒట్టితునకలు బాగా వేగాయని, నీ దోస్తులు డబ్బా ఊడ్చేశారని రాశావు. ఆ మాట చదివి గ్యాసు ఆపేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇక మిగిలింది సుక్కడి సంగతి. తల్లి మేక చచ్చిపోతే సీసా పాలు పట్టి పెంచావు వాడిని. "సుక్కడు కొత్త గడప దాటుతున్నడా అమ్మా? నా మాట యాదికున్నదా, మరిచిపోయిండా?" అని ఉత్తరం చివర కింద గీత గీసి అడిగావు. పక్కింటి చిలుకమ్మ మేకలతో మేతకు పోయాడని మొన్న ఫోన్లో చెప్పాను. అది అబద్ధం.

నాయిన పడ్డ రోజు దవాఖానలో నానమ్మ పోచమ్మకు మొక్కింది. కొడుకు లేచి నడిస్తే, కొత్తింట్లో దిగే రోజు ఇంట్లో పెంచిన మేకపోతునే ఇస్తానని. మనం పెంచింది వాడొక్కడినే. నీకు చెప్పొద్దని అందరం అనుకున్నాం. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

దిగిన రోజు పొద్దున వాడికి పసుపు రాసి, మెడలో వేపమండ కట్టి గడప ముందు నిలబెట్టారు. మన ఆచారం నీకు తెలుసు. నీళ్లు పోస్తే మేక ఒళ్లు విదిలించాలి, విదిలిస్తేనే తల్లి ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి ఎత్తాలి. మొదటి చెంబు పోశారు, వాడు కదల్లేదు. రెండో చెంబుకూ అంతే. గడ్డం నుంచి నీళ్లు కారుతుంటే జనంలో ఒక్కొక్కరి ముఖమే చూస్తున్నాడు. ఎవరిని వెతుకుతున్నాడో నాకు తెలుసు.

మీ పెదనాయిన లచ్చయ్య చెంబు ముంచుతూ, "మూడో చెంబుకు గూడ ఇదిలియ్యకపోతె ఇడిసిపెట్టుడే. తల్లికి అక్కర లేదన్నట్టు" అన్నాడు.

నానమ్మ నా వైపు తిరిగింది. "ఏం కాలు పెట్టినవే గీ ఇంట్ల? తల్లి గూడ మొఖం తిప్పుకున్నది!" చుట్టాలంతా నన్నే చూశారు. పొయ్యి మీద మసాలా మాడుతోంది. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు, వాడు బతికేవాడు.

మూడో చెంబు పోశారు. ప్రతి ఆదివారం బోరు దగ్గర స్నానం చేయించి నువ్వు చేసినట్టే రెండు చప్పట్లు కొట్టాను. "దులుపురా సుక్కా, దులుపు!" అన్నాను. గొంతు కూడా నీలాగే పెట్టాను. వాడి చెవులు లేచాయి. నా వెనక నువ్వున్నావేమోనని మెడ చాపి చూసి, తల నుంచి తోక దాకా ఒళ్లు దులిపాడు. ఆ నీళ్లు నా ముఖం మీద పడ్డాయి.

"ఒప్పుకున్నది తల్లి!" అని అందరూ కేకలు వేశారు. నానమ్మ వచ్చి నా నుదుట బొట్టు పెట్టింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో తన చేత్తో నాకు బొట్టు పెట్టడం అదే మొదలు. భయపడి చేశానని నీకు చెప్పుకోవచ్చు. కానీ ఆ బొట్టు పెట్టినప్పుడు నాకు సంతోషమైంది బిడ్డా. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మిగిలిన మాంసం ఒట్టితునకలుగా కోసి దండెం మీద ఎండబెట్టాం. నీకు పంపొద్దన్నాను. "బిడ్డ కాడికి ఒట్టి చేతులతోని ఎట్ల పోవాలె?" అన్నాడు నాయిన. ఇంకోసారి వద్దనలేదు. డబ్బా మూత నేనే బిగించి ఇచ్చాను.

దసరా సెలవులకు నాయిన నీ కోసం వస్తాడు. రానంటే బలవంతం చేయొద్దని చెప్పాను. నువ్వు గీత గీసి అడిగినదానికి జవాబు ఇదే. వాడు నీ మాట మరిచిపోలేదు.

ఇట్లు,
నీ గొంతుతో వాడిని పిలిచిన
అమ్మ