చక్రం బొడ్డు కింద నా బొటనవేలు

ఇనుము పోతపనిలో నలభై ఒక్క ఏళ్లు గడిపిన నేను, ఊపిరితిత్తుల్లో ఇసక తప్ప బుర్రలో ఏ లోపమూ లేకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, ఒకరి మీద మాత్రం పీకలదాకా కోపంతో రాసుకున్న వీలునామా ఇది. అమలు చెయ్యాల్సింది మా ఫౌండ్రీ క్రేన్ డ్రైవరు. ఇంజను ఉత్సవానికి ముందురోజు మా అన్నయ్య ఇంట్లో, ఆయన ముందూ ఆయన కూతురి ముందూ గట్టిగా చదవాలి. అప్పటికి నేను చావకపోయినా చదివెయ్యాలి. డాక్టరు చెప్పిన గడువు మీద నాకు నమ్మకం లేదు.

1. నా రెండు గదులూ పక్కవాటా దర్జీ ఆవిడకి. పదేళ్లు గోడ అవతల నా దగ్గు విని, ఒక్కనాడూ విసుక్కోలేదు.

2. మా బావమరిదికి నా పడక్కుర్చీ. ఎప్పుడొచ్చినా అందులోంచి లేచినవాడు కాదు. ఇప్పుడు మోసుకుపోవచ్చు. జన్మలో బరువు మొయ్యడం అతనికి ఇదే మొదలు.

3. మ్యూజియంలోని ఆవిరి ఇంజను, దేశంలో అంతా మనవాళ్లే చేసిన మొదటిది, నా ఆస్తి కాదు. కానీ దాని పెద్ద చక్రానికి అచ్చు కట్టిందీ, ఇనుము పోసిందీ నేను. ఇత్తడి పలక మీద పేరు అప్పటి ఫోర్‌మన్‌ది, అంటే మా అన్నయ్యది. మా షాపులో అచ్చు కట్టినవాడు ఇసకలో ఎవరికీ కనబడని చోట బొటనవేలు ఒత్తేవాడు. ఇనుము చల్లారాక ఆ గుర్తు ఉండిపోయేది. నాది చక్రం బొడ్డు అడుగున ఉంది. చూడాలంటే నేల మీద వెల్లకిలా పడుకోవాలి. అన్నయ్య ఎన్నడూ నడుం వంచలేదు కనుక అది బతికిపోయింది. పలక ఆయన్నే ఉంచుకోమనండి.

4. ఆ చక్రంలోని బొక్క కూడా ఆయనకే. పెద్దమనుషులు చూడ్డానికొస్తున్నారని అచ్చు ఆరకముందే పోయించాడు. తడి ఆవిరై, చక్రం ఆకుల్లో, అంటే బొడ్డునీ అంచునీ కలిపే ఊచల్లో, ఒకదానిలో గుప్పెడంత బోలు పడింది. కరిగించి మళ్లీ పోద్దామన్నాను. మైనంలో ఇనుపరజను కలిపి పూడ్చి రంగెయ్యమన్నాడు. పూడ్చాను. ఆ తప్పు నాది, ఎవరికీ రాసివ్వను.

5. అన్నయ్య కూతురికి, అచ్చు ఇసక నునుపు చేసే నా చిన్న తాపీ. అమ్మడూ, పిడి అరిగిన చోట నీ వేళ్లు సరిగ్గా పడతాయి. ముప్పై ఏళ్లుగా ఆగిన ఇంజనుకి మళ్లీ ఆవిరి వదిలే పని నీకిచ్చారట. చక్రం పక్కనే నిలబడాలి. ఆ ఆవిరి వాల్వు ముట్టుకోకు, బోలున్న ఆకు విరిగితే చక్రం నీ మీదే పగులుతుంది. కిటికీ వైపు ఆకు మీద రంగు గీకి చూడు, మైనం వస్తుంది.

6. అన్నయ్యకి, ఆయన మాటే. అమ్మడి పేరు ప్రకటించిన సాయంత్రమే ఆయన దగ్గరికెళ్లి, చక్రం తిప్పొద్దని మ్యూజియం వాళ్లకి చెప్పమన్నాను. చెబితే పలక ఊడుతుంది. ఆయనన్నది అక్షరం పొల్లుపోకుండా కూతురి ఎదుట తిరిగిస్తున్నాను: "ఇరవై ఏళ్లు తిరిగింది, ఒక్క పూట తిరగదా? పిల్లకేం కాదులే."

క్రేన్ డ్రైవరూ, ఇది చదివాక అమ్మడి వైపు చూడకు. ఆయన మొహం చూడు. నేనింకా బతికుంటే వచ్చి చెప్పు.

తేదీ: ఉత్సవానికి తొమ్మిది రోజుల ముందు, సోమవారం.

సంతకం చెయ్యడం నాకు వచ్చు. అయినా రంపం కోసిన మచ్చతో సహా కుడి బొటనవేలి ముద్ర వేస్తున్నాను. బొడ్డు కింద దానితో సరిచూసుకోండి.

సాక్షులు: నాకు సూదులు వేసే కాంపౌండరు, ఫౌండ్రీ క్యాంటీన్ ఆవిడ.