రావమ్మ చేతివ్రాత

బెజవాడ,
2-3-1946.

శ్రీవారి పాదాలకు నమస్కరించి వ్రాసేది. ఇక్కడ అందరం క్షేమం. రాజమండ్రి జైలు తిండి మీ ఒంటికి పడుతోందో లేదో అని నా మనసు నిలవడం లేదు. అత్తయ్యగారి దగ్గు తగ్గింది.

ఉత్తరాలు మన రావమ్మ చేత ఎందుకు వ్రాయించడం లేదు, కోడి గెలికినట్టున్న నీ వ్రాత చదవలేక చస్తున్నానని అడిగారు. పోయినసారి దాని వేలికి గోరుచుట్టు అన్నాను. అబద్ధం. మిమ్మల్ని పట్టుకెళ్ళిన రోజు నుంచి అది కలం పట్టలేదు.

బడిలో ఏది అడిగినా నోటితో గడగడా చెబుతుందట. కాగితం ఇస్తే మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుంటుందట. నిన్న సంపూర్ణమ్మ టీచరుగారు ఇంటికి వచ్చారు. "క్లాసులో ఫస్టు వచ్చే పిల్లండీ. ఇంక పదిహేను రోజుల్లో పరీక్షలు. రాయకపోతే పై క్లాసుకి పంపరు, నేనేం చెయ్యనండీ?" అన్నారు.

"బడి మానిపించి నూలు కండెలు చుట్టించండి" అని మామయ్యగారు అప్పుడే రాట్నం బయటికి తీశారు. అది చెప్పినట్టే కూర్చుని చుడుతోంది. ఏడ్చినా బాగుండేది.

లేని మగ్గాలకు సర్కారు ఇచ్చే కంట్రోలు నూలు తీసి చాటుగా అమ్ముకోవడానికి నేతగాళ్ళ జాబితాలో ఆ నలభై దొంగ పేర్లూ మీరు దాని చేతే వ్రాయించారు. ముత్యాల్లాంటి వ్రాత, చూసినవాడు నమ్మి తీరతాడని మురిసిపోయారు. నేనూ మురిశాను.

ఆ వ్రాత పిల్లదని ఇనస్పెక్టరుకు చెప్పింది పక్కింటి రత్తయ్యేనా అని అడిగారు. పాపం, అతన్ని తిట్టకండి. చెప్పింది నేను. "ఈ పేర్లు ఎవరు రాశారమ్మా?" అని ఆయన అడిగితే, చిన్నపిల్లను ఏం చేస్తారులే, మీరు బయటపడతారు కదా అనుకుని, "మా ఆయన కాదండీ, మా పిల్ల రాసిందండీ" అన్నాను. అది నా కొంగు పట్టుకునే ఉంది. ఆ మాటతో వదిలేసింది. మీరూ బయటపడలేదు.

ఇప్పుడు నేనెంత బతిమాలినా నా మాట దాని చెవికెక్కడం లేదు. ఈ ఉత్తరానికి నాకు జవాబు వద్దు. దానికి వ్రాయండి. తప్పు మా ఇద్దరిదీ, నీది కాదని వ్రాయండి. జైలువారి కాళ్ళు పట్టుకునైనా దాని పేర రిజిస్టరు చేయించండి. పోస్టుమాను హనుమయ్య దాని సంతకం లేనిదే ఉత్తరం ఇవ్వడు. నేను పెడతానని వచ్చినా ఒప్పుకోవద్దని అతనికి ముందే చెప్పి ఉంచాను.

ఇట్లు,
మీ రావమ్మ తల్లి
చౌడేశ్వరమ్మ