గొంతు చెల్లని మనిషి

విద్యుత్ విపణి నియంత్రణాధికారి గారి సముఖమునకు,

పాత విమానాశ్రయం ప్రహరీ వెంట ఉన్న వీధిలో, దర్జీ గారి పై వాటాలో కాపురముంటున్న అనౌన్సరమ్మ సవినయముగా వ్రాసుకొనునది.

విషయం: నేను నివసించుచున్న ఇల్లు ఖాళీగా ఉన్నదని తమ కార్యాలయము నిర్ధారించుట గురించియు, సదరు ఇంటిలో నేను ఉన్నానని మనవి చేయుట గురించియు.

అయ్యా,

తమకు క్షణం తీరిక ఉండదని ఎరుగుదును. ఎండ నుంచి వచ్చే కరెంటు, గాలి నుంచి వచ్చే కరెంటు, వాటి ధరలు, వాటి తగవులు అన్నీ తమ బల్ల మీదికే వస్తాయని విన్నాను. అయినప్పటికీ ఒక ఇంట్లో మనిషి ఉన్నదా లేదా అన్నది తీసిపారేయదగిన సంగతి కాదు గనుక, ఈ క్రింది అంశములు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. నేను సదరు విమానాశ్రయములో అనౌన్సరుగా పనిచేసి, అది మూతపడిన దినముననే పదవీ విరమణ పొందితిని. రైలు వెళ్ళగలిగిన దూరాలకు విమానాలు ఎగరరాదని, ఆ పొగ ఆకాశానికి చేటని ప్రభుత్వము వారు చేసిన నిర్ణయము పట్ల నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాను. అర్జీ పెట్టిన ప్రతివాళ్ళూ పాలసీకి అడ్డం పడడానికే వచ్చారని కార్యాలయాల్లో ఒక అనుమానం ఉంటుంది. మా డాబా మీద ఆరేసిన బట్టలు ఇదివరకు ఇంధనం వాసన కొట్టేవి, ఇప్పుడు కొట్టడం లేదు. రన్‌వే పొడవునా సోలార్ పలకలు పరిచారు. ఇన్నాళ్ళూ ఆ పొగ పీల్చింది మేమే కాబట్టి, మా వీధిలో ప్రతి ఇంటికీ ఆ కరెంటులో వాటా రాసిచ్చారు. న్యాయమైన పని. ఆ వాటా మీదే మా ఇంట్లో దీపం వెలుగుతున్నది.

2. తదుపరి, కరెంటు ధర గంటగంటకూ మారు పద్ధతి అమలులోకి వచ్చినప్పుడు, మా గోడకు కొత్త మీటరు బిగించి, నా చేతికి సూచనల కాగితము ఇచ్చితిరి. అందులోని సూచనలు పొల్లు పోకుండా పాటించితిని. సాయంత్రం అందరూ వాడే వేళ వాడవద్దన్నారు, వాడలేదు. ఎండ ఉండగానే నీళ్ళు పైకి తోడుకోమన్నారు, తోడుకున్నాను. మనిషి లేని గదిలో దీపం ఆర్పమన్నారు. ఆ ప్రకారం ఒక్క గదిలో తప్ప ఇల్లంతా ఆర్పేశాను.

మా అత్తగారు ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు. మా ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన పోయాక కూడా మేమిద్దరం విడిపోలేదు, ఆవిడకి నేను, నాకు ఆవిడ. ఆవిడకి చెవుడు కావడంతో మా టీవీ వీధి చివరిదాకా వినిపించేది. వేన్నీళ్ళు కాచి, కాచినట్టు మరిచిపోయి మళ్ళీ కాచేవారు. కట్టుకోని చీరలకి కూడా కూర్చుని ఇస్త్రీ చేసేవారు. "మీటరు పరుగెడుతోంది అత్తయ్యా" అంటే, "పరుగెట్టనీవే, గోడకి వేలాడేదానికి ఇంకేం పనుంది" అనేవారు. ఆవిడ కిందటి వానాకాలంలో కాలం చేశారు. ఆ తరువాత నేను టీవీ పెట్టలేదు. పొదుపు కోసం కాదండీ, పెట్టబుద్ధి కాలేదు. ఆ తేడా మీటరుకు తెలిసే వీలు లేదు.

ఆ మధ్య మీటర్లు చూసే ఆయన వచ్చాడు. తన చేతిలోని యంత్రంలో మా ఇంటి కరెంటు వాడకం గీత చూపించాడు. "మనుషులు తిరిగే ఇల్లైతే గీత లేస్తుంది, పడుతుంది. మీది చాప పరిచినట్టు ఎంత చక్కగా ఉందో చూశారా అమ్మా! అందరూ మీలా ఉంటే మా ఆఫీసుకి పనే ఉండదు" అన్నాడు. నేను మురిసిపోయి టీ ఇచ్చాను. ఇప్పుడు మీటర్లను దూరం నుంచే చదువుతున్నారట, అతన్ని పని నుంచి తీసేశారట. లేకుంటే అతనే నాకు సాక్షి అయి ఉండేవాడు.

3. ఇట్లుండగా, ఖాళీ ఇళ్ళ పేరిట వాటాలు చేజిక్కించుకొని, ధర పెరిగిన వేళ బజారులో అమ్ముకొను దళారులను అరికట్టుటకై తమరు కొత్త నియమము తెచ్చితిరి. గీత లేచి పడని ఇంటిని ఖాళీ ఇల్లుగా భావించి, వాటా రద్దు చేసి, నెలాఖరున సరఫరా నిలిపివేయుట దాని సారాంశము. దళారుల పీడ వదలవలసిందే. అందులో నేను తమ పక్షమే. కానీ ఆ నోటీసు మా తలుపుకు అతికించారు.

అతికిస్తున్నప్పుడు నేను తలుపు ఇవతలే ఉన్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి, ఎవరో వస్తున్నారని జుట్టు సవరించుకుని, కుర్చీ మీది బట్టలు తీసి లోపల పడేశాను. తలుపు తీసేసరికి ఆ మనిషి వీధి మలుపు తిరుగుతున్నాడు. కేక వేశాను, వినిపించుకోలేదు. అతని తప్పు లేదు. ఖాళీ ఇల్లని చెప్పి పంపిన తరువాత తలుపెవరు తడతారు? నోటీసు గుమ్మంలోనే నిలబడి చదివాను. తమరు చెప్పినట్టల్లా విన్నందుకే నేను లేకుండా పోయానని అప్పుడు అర్థమైంది.

4. తమ స్థానిక కార్యాలయమునకు వెళ్ళితిని. అక్కడ కౌంటర్లన్నీ ఎత్తివేసి, గోడకు ఒక ఫోను నంబరు అతికించి ఉన్నది. ఇంటికి వచ్చి ఆ నంబరుకు ఫోను చేసితిని. అవతల ఫోను ఎత్తినది నేనే.

ఈ వాక్యం చదివి తమరు నా మతి మీద అనుమానపడవద్దు. విమానాశ్రయం మూసేటప్పుడు కుర్చీలు, తక్కెళ్ళు, నిచ్చెనలతో పాటు నా రికార్డింగులు కూడా ప్రభుత్వ ఆస్తి కింద జమ అయ్యాయి. ఏ మాట ఎప్పుడు కావలసి వస్తుందోనని అంకెలు, వారాలు, విన్నపాలు, క్షమాపణలు అన్నీ విడివిడిగా చెప్పించి దాచారు. వాటినే ఇప్పుడు తమ సహాయ కేంద్రంలో పెట్టుకున్నారు. మంచిదే, వృథా పోలేదు. "నమస్కారం. మీకు ఏ విధంగా సహాయపడగలము?" అని నన్ను నేను అడిగాను. తమాయించుకుని సంగతి చెప్పాను.

"మీ ఇంట్లో మనిషి ఉన్నట్టు మీ గొంతుతో చెప్పండి" అన్నది.

"నేను ఉన్నాను" అన్నాను.

"ఇది రికార్డు చేసిన గొంతుగా గుర్తించబడినది. దయచేసి ఇంట్లో ఉన్న మనిషి మాట్లాడవలెను."

"అమ్మా, నేనే మనిషిని. మాట్లాడుతున్నది నేనే."

"ఇది రికార్డు చేసిన గొంతుగా గుర్తించబడినది" అని, నాకు ధన్యవాదాలు చెప్పి, నేనే పెట్టేశాను.

5. ఇందులో యంత్రము తప్పు ఎంత, నా తప్పు ఎంత అని ఆలోచించితిని. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పారు: "భయం, సంతోషం, జలుబు, ఈ మూడూ గది బయట చెప్పులతో పాటు వదిలి రావాలమ్మా. విమానం ఆలస్యమైనా, అసలు రాకపోయినా నీ గొంతు మారకూడదు." నేను మారనివ్వలేదు. మా ఆయన పోయిన తరువాత డ్యూటీలో చేరిన రోజు కూడా అందరూ అదే మెచ్చుకున్నారు, ఏమాత్రం తేడా తెలియలేదని. ఇప్పటికీ ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, నడుము నిటారవుతుంది, ఆ గొంతే వస్తుంది. మా అత్తగారు చెవుడుతోనే అది కనిపెట్టి, "నువ్వు నన్ను భోజనానికి పిలుస్తున్నావా, విమానానికి పిలుస్తున్నావా?" అని దెప్పేవారు. అందువల్ల పక్క గదిలోకి వెళ్ళి వేరే విధంగా మాట్లాడడం సాధన చేశాను. గొంతు బొంగురు చేశాను, తొందర తొందరగా పలికాను, మధ్యలో దగ్గాను. యంత్రం మోసపోలేదు. అంత బాగా పనిచేసిన దాన్ని అప్పట్లో.

6. గత్యంతరము లేక కింది వాటా దర్జీ గారిని ఆశ్రయించితిని. ఆయన కుట్టు ఆపి పైకి వచ్చి, ఫోను తీసుకుని, "ఉందండీ! ఆవిడ ఇంట్లోనే ఉంది, రోజూ చూస్తూనే ఉన్నాం, ఎందుకండీ పెద్ద మనిషిని ఏడిపిస్తారు!" అని గట్టిగా అరిచాడు. యంత్రం ఎంతో సంతోషించి, మనిషి గొంతు గుర్తించబడినదని చెప్పి, మా ఇంట్లో నివసించేది ఆయనే అని రాసుకుంది. ఒక మనిషి రెండిళ్ళలో నివసించరాదని మరునాడే ఆయన కరెంటు వాటాను విచారణలో పెట్టి, సరఫరా ఆపింది. ఆయనవన్నీ కరెంటు కుట్టుమిషన్లు. సగం కుట్టిన బట్టలు అలాగే ఉన్నాయి.

దర్జీ గారి భార్య మెట్ల దగ్గర నన్ను ఆపి, "మీకు లేదని మాక్కూడా లేకుండా చేస్తారా అనౌన్సరమ్మా? ఇంతకీ ఆయన మీ ఇంట్లో ఉంటున్నట్టు రాశారంటగా, నలుగురికీ ఏం చెప్పుకోమంటారు?" అంది. నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదని చూసి మానుకున్నాను. రోజుకొక్కసారైనా "టీ తాగారా?" అని కింద నుంచి అడిగే గొంతు ఆవిడదే. ఇప్పుడు నేను మెట్లు దిగుతుంటే తలుపు దగ్గరికి వేసుకుంటున్నది. ఈ అర్జీలో నాకు మిగతా అంశాలన్నిటికంటే ఇదే ఎక్కువ బాధగా ఉంది.

7. చివరి అంశము. నిన్న మధ్యాహ్నము మరల సహాయ కేంద్రమునకు ఫోను చేసితిని. ఫిర్యాదు కొరకు కాదు. ఇంట్లో మాట వినిపించి చాలా రోజులైంది, అందుకు. "మీకు ఏ విధంగా సహాయపడగలము?" అన్నది. వరస ఏమీ లేకుండా చెప్పడం మొదలుపెట్టాను. అత్తయ్య చీరలు ఇస్త్రీ మడతల్లో అలాగే ఉన్నాయని, టీ ఇంకా ఇద్దరికి సరిపడా పెట్టేస్తున్నానని, రెండో గ్లాసు చల్లారాక నేనే తాగుతున్నానని చెప్పాను. మాట మధ్యలో ఏడ్చేశాను. ఫోను పట్టుకుని అట్లా ఏడవడం నా జన్మలో ఎరగను. మనసులో ఒక మూల, ఇప్పుడైనా దీనికి నేను మనిషినని తెలుస్తుంది కదా అని కూడా అనుకున్నాను.

"క్షమించండి. మీ మాట స్పష్టంగా లేదు. దయచేసి మరల చెప్పండి" అన్నది.

ఆ "క్షమించండి" నాకు గుర్తుంది. అది రికార్డు చేసిన రోజు ఎన్నో రకాలుగా చెప్పించి, ఏ రకమైన బాధా లేనిదాన్ని ఏరి ఉంచుకున్నారు. ఫోను పెట్టేశాను.

అయ్యా, మామూలుగా చెబితే రికార్డు, ఏడిస్తే అస్పష్టం. ఈ రెంటికీ మధ్య మనిషి ఎక్కడ నిలబడి మాట్లాడాలో తమ నియమావళిలో ఎక్కడైనా ఉంటే తెలియజేయ ప్రార్థన. నాకైతే కనిపించలేదు.

కావున తమరు దయతలచి, మొట్టమొదట దర్జీ గారి వాటాను విచారణ నుంచి తప్పించి, ఆయన మా ఇంట్లో ఉండడం లేదని, ఎన్నడూ లేడని, ఆయన భార్యకు అర్థమయ్యే భాషలో కాగితం ఇప్పించగలరు. పిమ్మట, ఒంటరి మనుషుల ఇళ్ళలో గీత ఎక్కువగా లేవదని, అంతమాత్రాన ఆ ఇల్లు ఖాళీ కాదని నియమంలో ఒక వాక్యం చేర్పించగలరు. ఇటువంటి ఇల్లు నా ఒక్కదానిదే అయి ఉండదు. చివరగా, నెలాఖరు లోపల మా ఇంటికి ఫోను కాక, నోటీసు కాక, ఒక మనిషిని పంపి, నేను ఉన్నదీ లేనిదీ కళ్ళారా చూసి రాసుకొనునట్లు ఉత్తర్వు ఇప్పించగలరు.

ఎండా గాలీ లెక్కలు చూసే తమ బల్ల మీద ఈ ఒక్క మనిషి లెక్క కూడా ఉంచి, తప్పులున్న మన్నించి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
మూతపడిన విమానాశ్రయపు పూర్వ అనౌన్సరు,
పై వాటా (ఖాళీ కాదు)

తా.క. అయ్యా, ఇది అర్జీలో రాయదగినది కాదు, అందుకని అడుగున రాస్తున్నాను. వచ్చే మనిషికి ఒక్క మాట చెప్పి పంపండి. "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని అడగవద్దనండి. దానికి నాకు ఆ గొంతే వస్తున్నది. "ఎలా ఉన్నారండీ?" అని అడగమనండి. అత్తయ్య పోయినప్పటి నుంచి ఎవరూ అడగలేదు, కాబట్టి దానికి జవాబు నా దగ్గర సిద్ధంగా లేదు. కొంచెం ఆలస్యం కావచ్చు. ఆ కాసేపట్లో ఖాళీ ఇల్లని రాసుకుని వెళ్ళిపోవద్దనండి. కాస్త ఆగమనండి.