వేసవిలో వేణ్ణీళ్లు

రాజమండ్రి

అత్తయ్యగారికి నమస్కారం. ఫోన్లో సరిగా వినపడదంటారని ఈ కార్డు.

మోక్షిత పొద్దున్నే కుంటడం బడి ఎగ్గొట్టే వేషం కాదండి, పిల్లలకొచ్చే కీళ్లవాతమట. మందులతో అదుపులో ఉంటుందన్నారు. "ఆదివారాలు కూడా పొద్దున్నే కుంటుతుందా?" అని డాక్టరుగారు అడిగితే లేదన్నాను. "ఆదివారం నిడదవోల్లో అమ్మమ్మ వేణ్ణీళ్లతో తలంటుతుంది కదా నాన్నా! మోకాళ్లు వదులవుతాయి" అంది మోక్షిత. "సగం రోగం పాపే చెప్పేసింది" అని ఆయన నవ్వారు.

ఎప్పటినుంచి అని అడిగితే, పావని పోయినప్పటినుంచి అన్నాను. నేను రోజూ పోసేది చన్నీళ్లు. పావని మే నెలలో కూడా దానికి నీళ్లు కాచేది. ఎందుకో మీతో ఎప్పుడైనా అందా? డాక్టరుగారికి చెప్పాలి, తప్పక రాయండి. రక్తపరీక్షలున్నాయి, ఈ ఆదివారం రాలేము.

ఇవాళ నేనూ కాచి పోశాను. గేటు దాకా కుంటకుండా నడిచింది. దాన్ని దీవించండి.

మీ అల్లుడు
సుధాకర్